మూడు తీగల జాజ్ కార్డు: పంచమాన్ని ఎందుకు వదిలేస్తారు?

గిటార్‌కు ఆరు తీగలుండగా జాజ్ బృందాల్లో రిథమ్ వాయించేవారు మూడింటినే మోగించి, మిగిలిన మూడింటినీ కావాలని ఎందుకు మూగగా ఉంచుతారని ఒక పాఠకుడు అడిగారు. వేళ్లకు శ్రమ తగ్గుతుందన్న జవాబు నిజమే గాని, అది పూర్తి జవాబు కాదు. మన చెవి నిర్మాణంలో ఒక కారణం, రెండు యొక్క వర్గమూలంలో మరొక కారణం ఉన్నాయి. ఆ రెండో కారణం నాకు ఎంత ఇష్టమంటే, ఈ వ్యాసంలో సగం దానికే పోతుంది.

ట్యూనింగ్, ఫ్రెట్ల లెక్క గిటార్ పట్టినవారికి తెలిసినవే, తక్కినవారికి రెండు మాటలు చాలు: ఫ్రెట్ అంటే మెడ మీది లోహపు కమ్మీల మధ్య గడి, ఒక్కో ఫ్రెట్ స్వరాన్ని ఒక మెట్టు పెంచుతుంది, పన్నెండు మెట్లు ఒక స్థాయి. కార్డు అంటే కలిసి మోగే స్వరాల కూర్పు. ఇక నేరుగా జీ సెవెన్ కార్డు దగ్గరకు వెళదాం. చూపుడు వేలిని 3వ ఫ్రెట్ మీద అడ్డంగా నొక్కి పట్టే బారే కార్డులో, అన్నిటికంటే లావైన 6వ తీగ నుంచి వరుసగా జీ, డీ, ఎఫ్, బీ, డీ, జీ స్వరాలు వస్తాయి. కార్డు మూలస్వరమైన జీని షడ్జంగా తీసుకుంటే, డీ పంచమం, ఎఫ్ కైశిక నిషాదం, బీ అంతర గాంధారం అవుతాయి. కింది నాలుగు స్వరాల పౌనఃపున్యాలు దాదాపు 98, 146.8, 174.6, 246.9 హెర్ట్జ్. వీటిలో డీకీ ఎఫ్‌కీ మధ్య తేడా 28 హెర్ట్జ్ కంటే కొంచెం తక్కువ. అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది.

దగ్గర దగ్గరి పౌనఃపున్యాలున్న రెండు స్వరాలు కలిసి మోగినప్పుడు విస్పందనాలు, అంటే శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉండే ఊపులు, పుడతాయి. అవి సెకనుకు నాలుగైదు ఉంటే శబ్దం మెల్లగా ఊగినట్టు వినిపిస్తుంది, ఇరవై ముప్పై ఉంటే ఊపు పోయి గరుకుదనం వస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ఈ గరుకుదనం సెకనుకు 33 విస్పందనాల దగ్గర అత్యధికమని చెప్పారు. 1965లో ప్లాంప్, లెవెల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ సంఖ్య అన్ని స్థాయిలలోనూ ఒకటి కాదని, చెవిలోపలి కాక్లియా శబ్దాలను వేరుపరిచే పట్టీ వెడల్పులో సుమారు నాలుగో వంతు దగ్గర గరుకుదనం శిఖరానికి చేరుతుందని తేల్చారు. మంద్ర స్థాయిలో ఆ పట్టీ వెడల్పు ఇంచుమించు 100 హెర్ట్జ్, అందులో నాలుగో వంతు 25 హెర్ట్జ్. బారే కార్డులో 5, 4 తీగల మధ్య తేడా సరిగ్గా ఈ ప్రమాద స్థలానికి పక్కనే పడుతోంది. పై రెండు తీగల డీ, జీ కింద ఉన్న స్వరాలకు పునరావృత్తే కనుక వాటిని పక్కన పెట్టి, 5వ తీగను కూడా తీసేస్తే మిగిలే 98, 174.6, 246.9 హెర్ట్జ్ స్వరాల మధ్య తేడాలు 70 హెర్ట్జ్ దాటతాయి, కార్డు ఒక్కసారిగా తేటపడుతుంది. గిటార్ చేతిలో ఉన్నవారు 5వ తీగతో ఒకసారి, లేకుండా ఒకసారి మీటి చూస్తే, లెక్క చెప్పకముందే చెవి ఈ మాట చెబుతుంది.

పంచమం పోతే కార్డు అసంపూర్ణం కాదా అన్నది సహజంగా వచ్చే సందేహం. 98 హెర్ట్జ్‌తో మోగే జీ తీగ తన అనుస్వరాలను (మూల పౌనఃపున్యానికి రెండింతలు, మూడింతలు ఇలా ఉండే స్వరాలను) కూడా మోగిస్తుంది, వాటిలో మూడోది 294 హెర్ట్జ్, అంటే పై స్థాయి డీ. మనం పంచమాన్ని నొక్కకపోయినా షడ్జం దాన్ని తనతో తెచ్చుకుంటుంది. ఐదో అనుస్వరం కూడా అంతర గాంధారానికి చాలా దగ్గరే కదా, మరి గాంధారాన్ని కూడా వదిలేయవచ్చు కదా అని చురుకైన పాఠకులు అడగవచ్చు. వదిలేయకూడదు, ఎందుకంటే కార్డు మేజరో మైనరో చెప్పేది గాంధారం, అది విశ్రాంతిగా నిలుస్తుందో ముందుకు కదలాలని చూస్తుందో చెప్పేది నిషాదం. పంచమం మాత్రం జీ మేజర్ సెవెన్, జీ సెవెన్, జీ మైనర్ సెవెన్ మూడింటిలోనూ ఒక్కటే, కనుక వాటిని వేరుచేయడంలో దానికి పాత్ర లేదు. పంచమం ఒక మెట్టు తగ్గిన కార్డుల్లో ఈ వాదన చెల్లదు, అక్కడ దాన్ని ఉంచి తీరాలి.

ఇప్పుడు పట్టు చూద్దాం. మధ్య వేలు 6వ తీగ 3వ ఫ్రెట్ మీద, ఉంగరపు వేలు 4వ తీగ 3వ ఫ్రెట్ మీద, చిటికెన వేలు 3వ తీగ 4వ ఫ్రెట్ మీద పెడితే జీ సెవెన్. మధ్య వేలు కాస్త వాలి 5వ తీగను తాకుతుంది, ఆ తాకిడి చాలు, నొక్కనవసరం లేదు. పై రెండు తీగలను వేళ్ల లోపలి భాగం ఆపుతుంది. ఇక్కడి నుంచి 4వ తీగ మీది స్వరాన్ని ఒక ఫ్రెట్ పెంచితే నిషాదం కాకలి అయి జీ మేజర్ సెవెన్ వస్తుంది. పెంచకుండా 3వ తీగ మీది స్వరాన్ని ఒక ఫ్రెట్ తగ్గిస్తే గాంధారం సాధారణమై జీ మైనర్ సెవెన్ వస్తుంది. ఒక్కొక్క స్వరం ఒక్క ఫ్రెట్ కదిలితే మూడు రకాల కార్డులు. వందల బొమ్మలున్న కార్డుల పట్టికను ముందుగా చేతికిచ్చి కంఠస్థం చేయమనే బోధన ఈ చిన్న కదలికను దాచేస్తుందని నా గట్టి అభిప్రాయం.

ఖాళీ తీగ ఒక్కటీ లేదు కనుక ఈ పట్టు మెడ మీద ఎక్కడికైనా జరుగుతుంది. ప్రతి ఫ్రెట్ పౌనఃపున్యాన్ని ఒకే నిష్పత్తిలో, దాదాపు 1.0595 రెట్లు, పెంచుతుంది, పన్నెండు ఫ్రెట్లకు అది రెండింతలవుతుంది. స్వరాంతరాలు మారవు, వేళ్ల మధ్య దూరం మాత్రం తగ్గుతూ పోతుంది: తీగ పొడవు 648 మిల్లీమీటర్లుండే గిటార్ మీద మొదటి ఫ్రెట్ వెడల్పు సుమారు 36 మిల్లీమీటర్లు, 13వ ఫ్రెట్‌ది అందులో సగం. చేయి చిన్నదైనవారు 5వ ఫ్రెట్ పైన సాధన మొదలుపెట్టడం మేలు.

ఇక నా ఇష్టమైన విషయం. జీ సెవెన్‌లో ఎఫ్, బీ స్వరాల మధ్య ఆరు ఫ్రెట్ల దూరం ఉంది. అది స్థాయిలో సరిగ్గా సగం, మన భాషలో షడ్జానికీ ప్రతి మధ్యమానికీ ఉన్న దూరం, పాశ్చాత్యులు ట్రైటోన్ అంటారు. పన్నెండు మెట్లకు నిష్పత్తి 2 కనుక ఆరు మెట్లకు నిష్పత్తి 2 యొక్క వర్గమూలం, 1.414. 174.6ను దానితో హెచ్చిస్తే 246.9 వస్తుంది. మరే స్వరాంతరాన్ని తలకిందులు చేసినా, అంటే కింది స్వరాన్ని ఒక స్థాయి పైకి తీసుకెళ్లినా, వేరే స్వరాంతరం వస్తుంది: పంచమాన్ని తిరగేస్తే శుద్ధ మధ్యమం, అంతర గాంధారాన్ని తిరగేస్తే శుద్ధ ధైవతం. ఈ ఒక్కదాన్ని మాత్రం తిరగేస్తే మళ్లీ అదే వస్తుంది. అందువల్ల ఎఫ్, బీలలో ఏది నిషాదమో ఏది గాంధారమో ఆ రెండు స్వరాలే చెప్పలేవు, కింది షడ్జం చెప్పాలి. షడ్జం జీ అయితే ఎఫ్ నిషాదం, బీ గాంధారం. 5వ తీగ 4వ ఫ్రెట్ మీది డీ ఫ్లాట్‌ను షడ్జం చేస్తే పాత్రలు తారుమారై, 3, 4 తీగల మీద వేళ్లు ఉన్నచోటే ఉండగా కార్డు డీ ఫ్లాట్ సెవెన్ అయిపోతుంది. ఒక కార్డు స్థానంలో దాని నుంచి ఆరు మెట్ల దూరంలోని కార్డును జాజ్ వాయిద్యకారులు ఇంత ధీమాగా వేసేది ఈ గణితం వల్లనే.

అదే సౌష్ఠవం మరో పని చేస్తుంది. స్వింగ్ కాలపు (1930, 40ల జాజ్) ఎన్నో పాటల మధ్య భాగాల్లో డీ సెవెన్, జీ సెవెన్, సీ సెవెన్, ఎఫ్ సెవెన్ వరుసగా వస్తాయి. 4, 3 తీగల మీది ఫ్రెట్లు మాత్రమే రాస్తే అవి 4-5, 3-4, 2-3, 1-2. షడ్జం 5వ తీగ 5వ ఫ్రెట్ నుంచి 6వ తీగ 3కు, అక్కడి నుంచి 5వ తీగ 3కు, ఆపై 6వ తీగ 1కి అటూ ఇటూ దూకుతుంటే, పై జంట ఒక్కొక్క ఫ్రెట్ చొప్పున కిందికి జారుతుంది. ప్రతి మార్పులోనూ నిషాదం ఉన్న తీగ మీద తరువాతి కార్డు గాంధారం, గాంధారం ఉన్న తీగ మీద నిషాదం వచ్చి కూర్చుంటాయి. డీ మైనర్ సెవెన్ నుంచి జీ సెవెన్ మీదుగా సీ మేజర్ సెవెన్‌కు వెళ్లేటప్పుడు జారుడు ఇంకా తక్కువ: ఫ్రెట్ల జంట 3-5, 3-4, 2-4. ఒకసారి ఒక స్వరమే కదులుతుంది, రెండోది కదలకుండానే పాత్ర మార్చుకుంటుంది.

ఈ ట్రైటోన్‌నే సైతాను స్వరమని మధ్యయుగపు చర్చి నిషేధించిందని ఒక కథ చాలాకాలంగా ప్రచారంలో ఉంది. అలాంటి నిషేధాజ్ఞకు ఆధారం లేదు. పాడేవారు, స్వరపరిచేవారు దాన్ని తప్పించేవారన్నది నిజమే, సైతానుతో ముడిపెట్టే మాట 18వ శతాబ్దం తొలినాళ్ల సంగీత గ్రంథాల్లో కనిపిస్తుందన్నదీ నిజమే. విద్యార్థికి ఆ కథ చెప్పి భయపెట్టడం కంటే వర్గమూలం సంగతి చెబితే ఆశ్చర్యం ఎక్కువ కలుగుతుంది.

ఈ పద్ధతిని ఆచరణలో అత్యున్నత స్థాయికి తీసుకువెళ్లినవారు అమెరికన్ జాజ్ గిటారిస్టు ఫ్రెడ్డీ గ్రీన్. 1937లో కౌంట్ బేసీ బృందంలో చేరి, 1987లో మరణించేవరకు దాదాపు అక్కడే కొనసాగారు. యాంప్లిఫయర్ లేని గిటార్‌తో, ట్రంపెట్లు, శాక్సఫోన్లు, డ్రమ్స్ మధ్య, తాళానికి నాలుగు మీటులు సమంగా వేసేవారు. షడ్జాన్ని అదే బృందంలోని వాల్టర్ పేజ్ బేస్ మీద వాయిస్తుండగా గిటార్ దాన్ని మళ్లీ చెప్పనవసరం లేదు, అప్పుడు మిగిలేది 4, 3 తీగల జంట. ఆయన రికార్డింగులను శ్రద్ధగా విన్నవారు అనేక చోట్ల 4వ తీగ ఒక్కటే స్పష్టంగా మోగుతుందని, మిగిలిన తీగలు ఎడమ చేతి కింద అణగి దెబ్బ శబ్దాన్ని మాత్రమే ఇస్తాయని గమనించారు. ఆ ఒక్క తీగ మీద నిషాదం, గాంధారం ఒకదాని తరువాత ఒకటిగా జారుతూ వెళతాయి. కుడి చేయి ఆరు తీగలనూ కొడుతూనే ఉంటుంది, ఎడమ చేతి వేళ్లు మీటు పడిన వెంటనే ఫ్రెట్ మీద ఒత్తిడి సడలించి స్వరాన్ని తుంచేస్తాయి, తీగ మీద నుంచి మాత్రం లేవవు.