సాలిస్‌బరీ రాజకీయ జీవితంలో ఇండియా పాత్ర

బ్రిటన్‌కు మూడుసార్లు ప్రధానిగా, చాలాకాలం విదేశాంగ మంత్రిగా పనిచేసిన కన్సర్వేటివ్ నేత లార్డ్ సాలిస్‌బరీ (1830–1903) పేరు చెప్పగానే రష్యా–టర్కీ యుద్ధం తరువాత బాల్కన్ సరిహద్దులను ఐరోపా రాజ్యాలు తేల్చిన 1878 బెర్లిన్ మహాసభ గుర్తొస్తుంది. అయితే ఆయన పరిపాలనలో అడుగుపెట్టింది ఇండియా వ్యవహారాల మంత్రిగానే.

1866 జులైలో, క్రాన్‌బోర్న్ అనే బిరుదుతో ఉన్నప్పుడు ఆయన ఆ పదవి చేపట్టేనాటికే ఒరిస్సా కరవు ముదిరిపోయింది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం కూడా అల్లాడింది. సుమారు పది లక్షల ప్రాణాలు తీసిన ఆ కరవుపై తాను రెండు నెలలపాటు ఏమీ చేయలేదని, ఆ నింద నుంచి తనకు పూర్తిగా విముక్తి లేదని ఆయనే తరువాత ఒప్పుకున్నారు. 1867లో ఓటు హక్కును విస్తరించే, తన పార్టీ నేత డిజ్రేలీ తెచ్చిన బిల్లును వ్యతిరేకించి రాజీనామా చేసిన ఆయన, 1874లో ప్రధాని అయిన అదే డిజ్రేలీ మంత్రివర్గంలో అదే శాఖకు తిరిగివచ్చారు.

రైతు మీద పన్నుల భారం ఆయనకు తెలియనిది కాదు. ఇండియా నెత్తురు తీయక తప్పనప్పుడు, రక్తం పేరుకున్న చోటనే కత్తి పెట్టాలి తప్ప ఇప్పటికే నీరసించిన చోట కాదని 1875లో ఆయన స్వయంగా రాశారు. పల్లెల భారం తగ్గించాలన్నది ఆ వాక్యంలోని ఉద్దేశం. కానీ నెత్తురు తీయడం తప్పదన్న మాటను అంత మామూలుగా అనగలగడమే నన్ను కలచివేస్తుంది.

మరుసటి ఏడాదే బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను పెద్ద కరవు కమ్మేసింది. 1877 జనవరిలో ఆయన టర్కీ పాలనలోని బాల్కన్ క్రైస్తవుల రక్షణకు సంస్కరణలు కోరుతూ కాన్‌స్టాంటినోపుల్ చర్చల్లో ఉండగా, ఇండియా ప్రభుత్వం కరవు పరిశీలనకు పంపగా మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చిన అధికారి రిచర్డ్ టెంపుల్ కరవు పనులకు వచ్చే కూలీల రోజు భత్యాన్ని ఒక పౌను (సుమారు 450 గ్రాముల) ధాన్యానికి, దానిపైన కొద్దిపాటి పైసలకు కుదించారు. ఆ తిండితో కష్టం చేయలేరని ప్రెసిడెన్సీ ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించిన మీదట మే నెలలో భత్యం పెరిగింది. వైస్రాయి లిట్టన్ ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదన్న పట్టుదలతో ఉన్నారు. ఆయనపై అధికారం ఉన్న మంత్రి సాలిస్‌బరీయే కాబట్టి, ఒరిస్సా తరువాత ఈ బాధ్యత ఆయనకు మరింత బరువైనదని నా అభిప్రాయం.

1878 ఏప్రిల్‌లో విదేశాంగ శాఖకు మారి, సైప్రస్‌ను బ్రిటన్ పాలనలోకి తెచ్చిన ఒప్పందంతో, బెర్లిన్ సభతో ఆయన పేరు పొందారు. ప్రధానిగా ఉండి 1888లో ఎడిన్‌బరోలో, బ్రిటిష్ నియోజకవర్గం ఒక నల్లవాణ్ణి ఎన్నుకోదని దాదాభాయి నౌరోజీనుద్దేశించి అన్నారు. 1892 ఎన్నికల్లో నౌరోజీ సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి పార్లమెంటుకు గెలిచారు. ఆ ఎన్నికల తరువాతే సాలిస్‌బరీ ప్రభుత్వం పడిపోయింది.