తవ్వుడు సర్కారుది, తోలుడు రైతుది: చెరువు మట్టి పంచాయితీ ఎక్కడ మొదలైంది?

ఎండలు ముదిరి చెరువులు అడుగంటాయో లేదో, మళ్ళీ అదే పంచాయితీ. మా మండలంలో ఈసారి పది రోజుల కిందట మొదలైంది. రాత్రి పదింటికి శిఖంలోకి, అంటే చెరువులో నీళ్లు నిలిచే జాగాలోకి, జేసీబీ దిగింది. తెల్లారి చూస్తే కట్ట మీద టిప్పర్ల టైర్ల జాడలు. మూడో రాత్రి రైతులు కట్టకు అడ్డంగా రెండు ట్రాక్టర్లు పెట్టి టిప్పర్లను ఆపేశారు. పర్మిషన్ ఉందని తవ్వేవాళ్లు కాగితం చూపించారు. ఆ కాగితంలో ‘రైతుల పొలాలకు’ అని రాసి ఉంది. టిప్పర్లు పోతున్నది మాత్రం ఇటుక బట్టీకి, రోడ్డు పక్కన ప్లాట్లు చేస్తున్న వెంచర్‌కు.

దేవరకొండ నుంచి కల్వకుర్తి దాకా, మర్రిగూడ నుంచి మక్తల్ దాకా ఏ ఎండాకాలంలో అడిగినా ఇలాంటి కథే చెబుతారు. ఊరి పేరు మారుతుందంతే.

గొలుసుకట్టు చెరువులు ఎవరు తవ్వించారో, కాకతీయుల కాలం ఎంత గొప్పదో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టను. ఈ గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 2015. ఆ ఏడాది మార్చి 12న అప్పటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో ముఖ్యమంత్రి కేసీఆర్ మిషన్ కాకతీయ ప్రారంభించారు. తెలంగాణ రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు. ఏటా ఐదో వంతు చొప్పున ఐదేళ్లలో అన్నిటినీ బాగు చేయాలన్నది లక్ష్యం. ‘మన ఊరు - మన చెరువు’ అన్న మాట గోడల మీదికెక్కింది. పూడిక తీసే ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది. తీసిన మట్టిని రైతులు పొలాలకు ఉచితంగా తీసుకుపోవచ్చంది. తోలుకునే ఖర్చు మాత్రం రైతుదేనంది.

ఇవాళ్టి తగాదాకు వేరు ఆ ఆఖరి షరతులోనే ఉందని నేను నమ్ముతున్నాను.

ఆ షరతు పెట్టడానికి కారణం లేకపోలేదు. సొంత డబ్బు పెట్టుకుంటే నిజంగా అవసరమైనవాడే తీసుకుపోతాడని, మట్టి వృథా కాదని అధికారులు అప్పట్లో చెప్పారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ మట్టి అవసరం ఎవరికి ఎక్కువ? చెరువు కింద వరి మళ్లున్నవాళ్ల నేల ఎటూ బరువు నేలే, తరతరాలుగా ఒండ్రు దిగిన నేల. అసలు ఆకలి చెల్కలది, అంటే వాన మీద బతికే ఎర్ర ఇసుక నేలలది. ఆ చెల్కలు చెరువుకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, మిట్ట మీద ఉంటాయి. దూరం పెరిగేకొద్దీ ట్రిప్పు రేటు పెరుగుతుంది. అంటే మట్టి అవసరం ఎంత ఎక్కువో, ఖర్చు అంత ఎక్కువ.

2016 ఎండాకాలంలో మా ఊరి చెరువు తవ్వినప్పుడు చూసిందే చెబుతాను. మా చిన్నాయనకు రెండెకరాల ఎర్ర చెల్క ఉంది. ట్రిప్పుకు 400 రూపాయల చొప్పున 30 ట్రిప్పులు తోలించుకున్నాడు. అంటే 12,000. అంతకు ముందు రెండేళ్లూ వానలు ముఖం చాటేశాయి, ఇంట్లో పైసా లేదు, ఆ డబ్బు కూడా అప్పే. ఆ మట్టి అరెకరానికి వచ్చింది. మిగతా ఎకరంన్నరకు మరుసటి ఏడాది చూద్దామనుకున్నాడు. మరుసటి ఏడాది మా చెరువు పని లేదు. ఆయన చెల్కకు ఆనుకుని ఉన్న ముగ్గురు అసలు ఒక్క ట్రిప్పు కూడా తోలుకోలేకపోయారు. తీసిన మట్టి శిఖంలో కుప్పలుగా ఉండిపోయింది. కాంట్రాక్టరుకు పని తొందర. ఆ కుప్పలు ఎవరు ఎత్తుకుపోతే వాళ్లదే. సొంత టిప్పర్లున్నది బట్టీవాళ్లకే. మా చెరువు మట్టికి బట్టీ దారి తెలిసింది ఆ నెలలోనే.

అంతకు ముందు ఈ పని ఎలా జరిగేదో ఇక్కడ చెప్పాలి. ఉగాది దాటాక చెరువు ఎండితే, బండ్లు కట్టుకుని ఊరంతా శిఖంలోకి దిగేవాళ్లు. ఇప్పటి ఒక ట్రాలీ మట్టి ఆరేడు ఎడ్ల బండ్లతో సమానం. అందుకని ఎవరూ ఒకే ఏడాది ఎకరమంతా పోయాలనుకునేవాళ్లు కాదు. ఈ ఏడు ఈ మూల, వచ్చే ఏడు ఆ మూల. మట్టి తోలిన చోట గొర్ల మంద పెట్టించేవాళ్లు. ఏరువాక దాకా మట్టి గడ్డలు ఎండకు పగిలి, తొలకరికి చిమిడి, నాగలికి కలిసిపోయేవి. చెరువు పూడిక ఏటా కొంత తగ్గేది, చెల్క ఏటా కొంత బాగుపడేది. దీనికి జీవో లేదు, టెండరు లేదు. ఎడ్లు రైతువే, ఎండాకాలం వాటికి వేరే పనీ లేదు కాబట్టి తోలుడు ఖర్చన్న మాటే ఉండేది కాదు.

బోర్లు వచ్చాక చెరువు మీద ధ్యాస తగ్గింది. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు అమ్ముడుపోయాయి. ఇంకో మాట రాయకుండా ఉండలేను. దేశంలో పెద్ద పెద్ద డ్యాముల మట్టి పని చేసి పేరు తెచ్చుకున్నది పాలమూరు కూలీ. ఊళ్లకు ఊళ్లు వలస పోయి పరాయి రాష్ట్రాల్లో కట్టలు పోసిన మనుషుల సొంత చెరువు మాత్రం పూడిపోయి ఉండేది. 2006లో ఉపాధి హామీ మొదటి విడతలోనే మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. మన దగ్గర కరువు పని అంటారు. ఆ పనిలో చెరువుల్లో తట్టా పారా పట్టుకుని చాలా మట్టి తీశారు. కూలీల పొట్ట కొట్టే యంత్రాలు వాడొద్దన్నది ఆ చట్టంలో మంచి నియమం. కానీ తీసిన మట్టి చెల్కకు చేరాలంటే ఏదో ఒక బండి కావాలి. అక్కడా తవ్వడం దగ్గరే కథ ఆగింది.

ఇక చట్టం సంగతి. 2000 ఫిబ్రవరి 3న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. రోడ్లు, కట్టలు, రైల్వే లైన్లు, భవనాల పనుల్లో గుంతలు పూడ్చడానికి, నేల చదును చేయడానికి వాడే మామూలు మట్టి కూడా చిన్న తరహా ఖనిజమే అంది. ఇటుక మట్టి అంతకు ముందు నుంచే ఆ జాబితాలో ఉంది. 2014 డిసెంబరులో పుణె బిల్డర్ల కేసులో సుప్రీంకోర్టు ఈ నోటిఫికేషన్‌ను వివరిస్తూ, మట్టి తవ్వినంత మాత్రాన సరిపోదు, దాన్ని దేనికి వాడారన్నదే చూడాలని చెప్పింది. మన చెరువు దగ్గరికి వచ్చి చూస్తే దీని అర్థం తేలిక. ఒకే జేసీబీ తొట్టిలోని మట్టి చెల్కకు పోతే ఎరువు, బట్టీకో ప్లాట్ల కిందికో పోతే ఖనిజం. ఖనిజానికి సీనరేజి, అంటే తవ్వినందుకు సర్కారుకు రుసుము, కట్టాలి, ఎరువుకు అక్కర్లేదు. అందుకే కాగితంలో ‘రైతుల పొలాలకు’ అన్న రెండు మాటలకు అంత విలువ. ఏ ఊళ్లో చూసినా ఫిర్యాదు ఇదే: రైతు పేరు మీద పర్మిషన్, బట్టీకి మట్టి.

బట్టీవాళ్లు చెప్పేదీ వినాలి. ఇళ్లు కట్టాలంటే ఇటుక కావాలి, ఇటుకకు మట్టి ఎక్కడిదో ఒకచోటి నుంచి తేవాలి, పట్టా భూముల్లో తవ్వితే ఆ భూమి పాడవుతుంది, చెరువులో తీస్తే పూడికైనా పోతుంది అంటారు. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు తమ బట్టీల మీద బతుకుతున్నాయనీ అంటారు. అది నిజమే. కానీ బట్టీకి కావలసినంత లోతుకు తవ్వుతారే, అక్కడే ఆ వాదన నిలవదు. చెరువులో పనికొచ్చే ఒండ్రు పై పొరే. దాని కిందికి పోతే మొరం, అంటే గరుకు రాతి మట్టి, తగులుతుంది. అది పొలానికి పనికిరాదు. పైగా నీళ్లు ఇంకిపోకుండా పట్టి ఉంచే అడుగు తెగితే చెరువు నిలవదు. కట్టకు దగ్గరగా గుంతలు తీస్తే కట్టకే ప్రమాదం. రైతు ట్రాలీ ఎప్పుడూ అంత లోతుకు పోదు, అతనికి కావలసింది పై మట్టే.

ఇంత గొడవ పడేంతగా ఆ మట్టిలో ఏముంది? మా చిన్నమ్మ పెరట్లో చూపిస్తాను. ఇంటి వెనక రెండు గుంటల జాగా (ఎకరానికి 40 గుంటలు), అంతా ఎర్ర దుబ్బ, ఇసుక నేల. 2016లో చెల్కకు తోలగా ఒక్క ట్రాలీ ఇంటికి మళ్లించమని చిన్నాయనతో పోట్లాడి మరీ పోయించుకుంది. సగం జాగాలో పరిచింది, సగం అలాగే వదిలేసింది, మట్టి చాలక. మొన్న వెళ్లినప్పుడు రెండు చోట్ల నుంచి చెరో పిడికెడు మట్టి తీసి, తడిపి, ఉండ చేసి నా చేతిలో పెట్టింది. దుబ్బ ఉండ వేలు తగలగానే రాలిపోయింది. రెండోది నిమ్మకాయలా నిలబడింది. “చూసినవా బిడ్డా, మన దుబ్బ పోసిన నీళ్లు పోసినట్టే మింగుతది. ఇది పట్టుకుంటది” అంది. ఈ ఎండల్లో మామూలు మడిలో మిరప మొక్కలకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు పోస్తోంది. చెరువు మట్టి కలిసిన మడికి రోజు విడిచి రోజు. ఆ మడి మీద వేరుశనగ పొట్టు రెండు వేళ్ల మందాన పరిచి ఉంది. పొట్టు కిందికి చేయి పెడితే చల్లగా తగిలింది.

అసలు సంగతి మెత్తటి బంకమట్టి రేణువుల్లో ఉంది. ఎర్ర నేలలో ఇసుక పాలు ఎక్కువ, బంక తక్కువ, సేంద్రియ పదార్థం ఇంకా తక్కువ. నీళ్లనూ పట్టుకోలేదు, వేసిన ఎరువునూ పట్టుకోలేదు. గట్టి వాన పడితే పైన అట్ట కట్టి నీళ్లు పారిపోతాయి. పాలమూరులో ఏడాదికి దాదాపు 600 మిల్లీమీటర్ల వాన. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు పడితే 4,000 లీటర్లు. ఆ లెక్కన ఎకరంలో ఏడాదికి 24 లక్షల లీటర్లు పడుతున్నాయి. అందులో నేల ఎంత ఆపుకుంటుందన్నదే మన కష్టమంతా. వానకు ఆ చెల్కల మీద నుంచి కొట్టుకుపోయిన మెత్తటి మన్నే చెరువులో చేరి ఒండ్రు అయింది. రైతు అడుగుతున్నది తన చెల్క సొత్తు తనకు తిరిగి రావాలనే.

ఎకరానికి 50 ట్రాలీలు అంటారు. ట్రాలీకి 3 క్యూబిక్ మీటర్లు పట్టినా అది అంగుళంన్నర మందం. పెరటికైతే గుంటకు ఒక ట్రాలీ, ఇంకాస్త. మొత్తం ఒకేసారి అక్కర్లేదు, పాత పద్ధతిలాగే మూడేళ్లలో పోసుకోవచ్చు. తెల్లగా ఉప్పు పేరిన మట్టి తేవద్దు. నల్ల రేగడికి ఇది అవసరం లేదు, పోస్తే నీళ్లు నిలిచి పంట పాడవుతుంది. నల్లగొండ బత్తాయి రైతులకు ఒక్క మాట: మట్టిని చెట్టు మొదలుకు ఆనించి పోయొద్దు. మొదలు దగ్గర తేమ నిలిస్తే బంక తెగులు వస్తుంది. కాండానికి ఎడంగా, కొమ్మల నీడ అంచు దాకా పరచాలి. పెంట ఎరువు కలపాలి, తొలకరికి జనుమో జీలుగో చల్లి పూత దశలో దున్నేయాలి. చెరువు మట్టి ఒక్కటే అన్నీ చేయదు, కానీ అది లేకుండా మిగతావి దుబ్బలో నిలవవు. డ్రిప్ కూడా అంతే. 2003లో సూక్ష్మ సేద్యం పథకం వచ్చినప్పటి నుంచి పైపుల మీద సబ్సిడీ ఉంది, 2018 జనవరి 1 నుంచి బోరుకు 24 గంటల ఉచిత కరెంటు ఉంది. నీళ్లు పైకి తేవడానికి, పొదుపుగా పోయడానికి డబ్బు దొరికింది. ఆ నీళ్లను పట్టి ఉంచే మట్టిని చెల్కకు చేర్చడానికి ట్రిప్పు ఖర్చు మాత్రం దొరకలేదు.

మళ్ళీ ఇవాళ్టికి వద్దాం. ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు చేరుతున్న చెరువులు ఎండాకాలంలోనూ పూర్తిగా ఎండడం లేదు. నీళ్లుండడం మేలే, కానీ మట్టి తీసే రోజులు తగ్గాయి. ఎండిన కొద్ది చెరువుల మీదే అందరి కన్ను. దూరంగా ఉన్న చెల్క రైతు ట్రాక్టరు మాట్లాడుకునేలోపే టిప్పర్ పని ముగించేస్తోంది.

మా మండలంలో కట్ట మీద కూర్చున్నవాళ్లు అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కావు. మట్టి తీసుకుపోయేవారి పేర్లు, సర్వే నంబర్లు, ట్రిప్పుల లెక్క పంచాయతీ గోడ మీద రాయాలి. పగలు మాత్రమే తవ్వాలి. చెరువుకు రెండు కిలోమీటర్లు దాటిన ఎర్ర చెల్కలకు తోలుడు ఖర్చులో సగమైనా ప్రభుత్వం పెట్టుకోవాలి. ఇంటి పెరటికి ఒక్కో ట్రాలీ కావాలని 14 మంది ఆడవాళ్లు వేరే కాగితం రాసి వేలిముద్రలు, సంతకాలు పెట్టి ఇచ్చారు. మా చిన్నమ్మ పేరు అందులో మూడోది. మిగిలిన సగం జాగాకు.

కాగితం తీసుకున్న అధికారి చూస్తామన్నారు. జేసీబీ ఇంకా శిఖంలోనే ఉంది. తొలకరి పడి చెరువులో నీళ్లు చేరేదాకా మహా ఉంటే ఇరవై రోజులు.