బిగించడం వేరు, కూర్చోబెట్టడం వేరు

ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో పనిచేసినవాళ్ళకి సాఫ్ట్ ఫుట్ అంటే వెంటనే అర్థమవుతుంది. మోటారుకి నాలుగు కాళ్ళుంటాయి కదా, అందులో ఒకటి బేస్‌కి సరిగ్గా ఆనదు, కింద కాగితం మందం సందు ఉంటుంది. బోల్టు బిగించగానే ఆ సందు మూసుకుపోతుంది, మనం పని అయిపోయిందనుకుని వెళ్ళిపోతాం. కానీ సందు మూసుకుపోయింది మోటారు బాడీ వంగడం వల్ల. విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో చేరిన కొత్తలో ఒకే మోటారుకి మూడు నెలల్లో రెండుసార్లు బేరింగులు మార్చాను. రెండోసారి మా సీనియర్ ఫిట్టర్ గారు వచ్చి, డయల్ గేజ్ (ఇసుమంత కదలికనీ ముల్లు మీద చూపే కొలత సాధనం) పెట్టి, ఒక్కో బోల్టూ వదులు చేసి చూసి మళ్ళీ బిగిస్తూ వచ్చారు. మూడో బోల్టు దగ్గర ముల్లు గిర్రున తిరిగింది. "ఇదిరా బాబూ దొంగ" అన్నారు. ఆ కాలి కింద షిమ్ అనే పల్చటి రేకు ముక్క ఒకటి పెట్టాం, ఆ మోటారు మళ్ళీ మా దగ్గరికి రాలేదు.

ఇన్నేళ్ళకి అదే పరీక్ష రైఫిల్ మీద చేయడం చూశాను. మా మేనల్లుడు 50 మీటర్ల రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్నాడు, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుశాలేకి కాంస్యం వచ్చిన విభాగం అదే. వాడి గుళ్ళు అయిదింటిలో మూడు ఒకచోట, రెండు కొంచెం దూరంగా పడుతున్నాయి. వాడేమో ఊపిరి సరిగ్గా పట్టడం లేదని టెన్షన్ పడుతున్నాడు. లైసెన్సున్న ఆర్మరర్, అంటే తుపాకులు బాగుచేసే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన ముందు తీసింది డయల్ గేజే.

రైఫిల్‌లో యాక్షన్ అంటే తూటా కూర్చునే, పేలే ఉక్కు భాగం. బారెల్, అంటే గుండు బయటికి వెళ్ళే గొట్టం, దానికే బిగించి ఉంటుంది. ఇవి రెండూ వెళ్ళి కూర్చునేది భుజానికి ఆనించే కర్ర భాగంలో, లేదా దాని బదులు ఈ మధ్య ఎక్కువగా వాడుతున్న అల్యూమినియం చట్రంలో, అంటే ఛాసిస్‌లో. రెండు స్క్రూలు బిగిస్తే ఫిట్టింగ్ అయిపోతుంది. మరి గురి అంతా బారెల్‌దే అయినప్పుడు కింద ఎలా కూర్చుంటే ఏమిటి?

లెక్క చూడండి. 50 మీటర్ల టార్గెట్‌లో పది మార్కుల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, అంటే పెద్ద శనగగింజంత. మధ్య నుంచి అంచుకి 5 మిల్లీమీటర్ల పైచిలుకు. యాక్షన్ పొడవు 20 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ పొడవులో ఒక కొస 0.02 మిల్లీమీటర్లు లేచినా, అంటే వెంట్రుక మందంలో మూడో వంతు కూడా కాదు, ఆ వాలు 50 మీటర్ల దూరానికి 5 మిల్లీమీటర్లు అవుతుంది.

గురి చూసే సైట్ కూడా యాక్షన్ మీదే ఉంది కదా, లేస్తే రెండూ కలిసే లేస్తాయి కదా అని మీరు అడగవచ్చు, నేనూ అదే అడిగాను. నిజమే, మొత్తం కలిసి వాలితే నష్టం లేదు. కానీ స్క్రూ బిగింపుకి యాక్షన్ విల్లులా వంగితే దాని మీద సైట్ చూసే దారి, బారెల్ చూసే దారి కొద్దిగా విడిపోతాయి. ఎప్పుడూ ఒకేలా వంగి ఉంటే సైట్ సర్దుకుని బతికేయొచ్చు. అలా ఉండదు. తూటా పేలాక గుండు బారెల్ దాటడానికి రెండు మూడు మిల్లీసెకన్లు పడుతుంది, ఆ కాస్త సమయంలోనే రైఫిల్ వెనక్కి తన్నడం మొదలవుతుంది, బారెల్ తీగలా వణుకుతుంది. కింద ఒత్తిడితో కూర్చున్న ఉక్కు ప్రతి తన్నుకీ ఇసుమంత జరిగి కొత్తచోట నిలబడుతుంది. మూడు గుళ్ళు ఇక్కడ, రెండు అక్కడ పడేది అందుకే.

కర్రకి ఇంకో జబ్బు ఉంది. మన శ్రీకాకుళం, విజయనగరం తేమకి వానాకాలంలో తలుపులే ఉబ్బి పట్టేస్తాయి, రైఫిల్ కర్ర కూడా అంతే, ఉబ్బి బారెల్‌ని ఒక పక్క నుంచి నెడుతుంది. అల్యూమినియానికి తేమ బాధ లేదు. వేడి బాధ ఉంది: డిగ్రీకి ఉక్కు మీటరులో 12 మైక్రాన్ల దాకా పెరిగితే అల్యూమినియం 23 పెరుగుతుంది. 20 డిగ్రీల తేడాకి, 20 సెంటీమీటర్ల పొడవులో, రెండింటికీ మధ్య 0.04 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అందుకే వెనక స్క్రూ తన రంధ్రం గోడని తాకకుండా ఖాళీ వదలాలి.

ఆర్మరర్ గారు ముందు స్క్రూ వదులు చేయగానే ముల్లు 12 గీతలు జరిగింది. గీతకి 0.01 మిల్లీమీటరు. 0.05 దాటితే కూర్చోబెట్టడం సరిగ్గా లేనట్టే, మా మిల్లులో మోటార్లకీ ఇదే హద్దు. ఆ తర్వాత యాక్షన్ అడుగున నీలం మార్కింగ్ రంగు పల్చగా పూసి, ఛాసిస్‌లో పెట్టి తీశారు. ఛాసిస్‌లోని వి ఆకారపు గాడి రెండు గోడల మీదా పొడవునా రెండు నీలి చారలు పడాలి. ఒకవైపు పూర్తిగా పడింది, రెండోవైపు చివర్లో ఒక చుక్కే. నాలుగు కాళ్ళ మోటారే మళ్ళీ! చారలు రెండూ బాగా పడి ఉంటే దాన్ని ముట్టుకోకూడదన్నదే నా అభిప్రాయం, మంచి ఛాసిస్‌కి ఊరికే ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) పూయడం దండగ.

ఇక్కడ అవసరమే పడింది. యాక్షన్‌కి జిగురు అంటుకోకుండా మైనం రుద్ది, రంధ్రాలన్నీ బంకమట్టితో మూసి, ఉక్కుపొడి కలిసిన ఎపాక్సీ గాడిలో వేసి, యాక్షన్‌ని మెల్లగా దించారు. స్క్రూలు బిగించలేదు, అసలు కిటుకు అదే. బిగిస్తే ఆ వంపుతోనే అచ్చు గట్టిపడిపోతుంది. పెద్ద తూటాల రైఫిళ్ళలో అయితే తన్ను కాసే రికాయిల్ లగ్‌కి ముందు, పక్కల, అడుగున టేపు అంటిస్తారట, వెనక ముఖం ఒక్కటే ఆనాలని.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్ళు గుర్తొచ్చారు. పనస దండి మీద 24 మెట్లనీ వాళ్ళు మేకులతో కొట్టరు, వెచ్చటి నల్ల మైనం మీద, శ్రుతి చూసుకుంటూ ఒక్కొక్కటీ కూర్చోబెడతారు. మైనమే మెట్టు ఆకారానికి ఒదుగుతుంది, మెట్టు మైనానికి వంగదు. కాకపోతే మైనం ఎండలకి మెత్తబడుతుంది, ఎపాక్సీ ఒకసారి గట్టిపడితే మళ్ళీ కరగదు.

మర్నాడు విప్పి, శుభ్రం చేసి, టార్క్ రెంచితో 7 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించి మళ్ళీ గేజ్ పెట్టారు. స్క్రూ వదులు చేస్తే ముల్లు ఒక గీత కూడా దాటలేదు. తిరిగి బిగించి, స్క్రూ తల మీది నుంచి ఛాసిస్ మీదికి నెయిల్ పాలిష్‌తో సన్నటి గీత ఒకటి గీశారు. ఇప్పుడు మావాడు ప్రాక్టీసుకి ముందు టార్చి వేసి చూసుకుంటున్నాడు, గీతలోని రెండు ముక్కలూ ఒకే వరసలో ఉన్నాయా అని.