నలుగురితో నారాయణ అనేది ఎవరు?

ఆరు నెలలు సహవాసం చేస్తే వారు వీరవుతారని పెద్దలు ఎప్పుడో అన్నారు. ఆ మార్పు ఎలా వస్తుందో, ఎక్కడ ఆగుతుందో ప్రయోగం పెట్టి కొలవడం మాత్రం గత వందేళ్ల లోపు మాటే. ఇప్పుడు సోషల్ మీడియా ప్రస్తావన వచ్చినప్పుడల్లా 'జనం గొర్రెల మంద, సైన్సు కూడా అదే తేల్చింది' అనేస్తున్నారు. సైన్సు అలా తేల్చలేదు. పాత ప్రయోగాలను సగం చెప్పి వదిలేయడం వల్ల వచ్చిన అపోహ ఇది.

1935లో ముజాఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని చీకటి గదిలో కూర్చోబెట్టి ఒక చిన్న వెలుగు చుక్క చూపించాడు. చుక్క కదలదు, కానీ చీకట్లో కదిలినట్టు అనిపిస్తుంది. ఎంత కదిలిందో చెప్పమంటే విడివిడిగా ఉన్నప్పుడు తలో మాటా చెప్పారు. కలిసి కూర్చున్నప్పుడు అంచనాలు క్రమంగా ఒకచోటికి చేరాయి. తర్వాత ఒంటరిగా అడిగినా చాలామంది ఆ గుంపు లెక్కనే చెప్పారు. ఏది నిజమో తెలియనప్పుడు పక్కవాళ్ల మాటే మనకు కొలబద్ద అవుతుందన్నమాట.

మరి నిజం కళ్లెదుటే ఉంటే? 1951లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ యాష్ అడిగిన ప్రశ్న ఇది. ఒక కార్డు మీద ఒక గీత, రెండో కార్డు మీద మూడు గీతలు. ఆ మూడింటిలో మొదటి గీతకు సమానమైనది ఏదో చెప్పాలి. చిన్నపిల్లలైనా చెప్పేస్తారు. కానీ గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్లంతా యాష్ మనుషులే. ఒకరి తర్వాత ఒకరు, ఏమాత్రం తడుముకోకుండా, ఒకే తప్పు జవాబు చెబుతారు. అసలు మనిషి వంతు దాదాపు చివర్లో వస్తుంది. అప్పటికి అతనికి తన కళ్ల మీదే అనుమానం మొదలవుతుంది.

ఆ ఇరకాటంలో వచ్చిన జవాబుల్లో దాదాపు మూడో వంతు గుంపు వైపే పడ్డాయి. అందరూ చెప్పే అంకె ఇదే. మిగతా రెండు వంతుల జవాబులు సరైనవేనని ఎవరూ గుర్తుచేయరు. నలుగురిలో ఒకరు మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా లొంగలేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఆ గుంపులో ఒక్క మనిషి నిజం చెప్పేలా యాష్ ఏర్పాటు చేస్తే, గుంపుకు తలొగ్గడం ఒక్కసారిగా పడిపోయింది. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయనిచ్చినా బాగా తగ్గింది.

యాష్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన స్టాన్లీ మిల్‌గ్రమ్ 1961లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఇంకా కఠినమైన ప్రయోగం మొదలుపెట్టాడు. పైఅధికారిలా కనిపించే మనిషి చెబితే, పక్క గదిలోని వ్యక్తికి కరెంటు షాక్ ఇస్తారా అన్నది ప్రశ్న. షాక్ ఉత్తుత్తిదే, కానీ ఇచ్చేవాళ్లకు ఆ సంగతి తెలియదు. 40 మందిలో 26 మంది అన్నిటికన్నా పైనున్న 450 వోల్టుల దాకా వెళ్లారు. దీన్ని తలుచుకుని జడుసుకోనివాళ్లు లేరు. అదే ప్రయోగాన్ని కొద్దిగా మార్చి చేసిన ఇంకో విడతలో ఇద్దరు సహచరులు ముందుగా 'మేం చెయ్యం' అని లేచినప్పుడు చివరిదాకా వెళ్లింది 40 మందిలో నలుగురే. 1971లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో కుర్రాళ్లను ఖైదీలుగా, కాపలావాళ్లుగా విడగొట్టి చేసిన జైలు ప్రయోగానికి మాత్రం నేను ఇంత విలువ ఇవ్వను. కాపలావాళ్లు కఠినంగా ఉండేలా నిర్వాహకులే ఉసిగొల్పినట్టు రికార్డింగుల్లో బయటపడింది.

ఇవన్నీ గంటల్లో ముగిసే ఒత్తిళ్లు. విలువలు మారడానికి ఏళ్లు పడుతుంది. థియొడర్ న్యూకామ్ అనే పరిశోధకుడు 1930లలో అమెరికాలోని బెన్నింగ్టన్ మహిళా కాలేజీలో గమనించింది దీన్నే. డబ్బున్న, సంప్రదాయవాద కుటుంబాల ఆడపిల్లలు ఉదారవాద భావాలున్న అధ్యాపకుల మధ్యకు వచ్చారు. 1936 ఎన్నికల్లో మొదటి ఏడాది విద్యార్థినుల్లో 62 శాతం సంప్రదాయవాదుల పక్షమైన రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి వైపు ఉంటే, చివరి రెండేళ్ల వాళ్లలో అది 15 శాతమే. పాతికేళ్ల తర్వాత వెళ్లి అడిగినా చాలామంది ఆ కొత్త భావాల మీదే ఉన్నారు. తమలా ఆలోచించే భర్తలనూ స్నేహితులనూ ఎంచుకోవడం అందుకు ఒక కారణం. కాలేజీలో ఉన్నా ఇంటివాళ్లనే తన వాళ్లనుకున్న అమ్మాయిలు పెద్దగా మారలేదు. చుట్టూ ఎవరున్నారన్నది ఒక ఎత్తు, వాళ్లలో ఎవరిని నావాళ్లు అనుకున్నానన్నది ఇంకో ఎత్తు.

ఈ 'నావాళ్లు' అన్న భావం ఎంత తేలిగ్గా పుడుతుందో హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించాడు. అతను పోలండ్ యూదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైనికుడిగా జర్మన్లకు చిక్కి, పోలండ్ వాడినన్న సంగతి దాచి బతికాడు. కుటుంబంలో దాదాపు అందరినీ పోగొట్టుకున్నాడు. 1970 నాటి ప్రయోగంలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ కుర్రాళ్లను ఏ బొమ్మలు నచ్చాయన్నలాంటి సాకుతో రెండు గుంపులుగా విడగొట్టాడు. తన గుంపులో ఎవరున్నారో కూడా ఏ కుర్రాడికీ తెలియదు. అయినా డబ్బు పంచమంటే సొంత గుంపుకే మొగ్గారు. తమవాళ్లకు రావాల్సింది కొంత తగ్గినా సరే, అవతలి గుంపు కన్నా ఎక్కువ ఉండాలని చూశారు.

ఇక ఇప్పటి సంగతి. 2006లో అచ్చయిన ఒక అధ్యయనంలో 14 వేల మందికి పైగా ఆన్‌లైన్‌లో ఊరూ పేరూ లేని బ్యాండ్‌ల పాటలు విన్నారు. వాళ్లను వేర్వేరు గుంపులుగా ఉంచి, ఎవరి గుంపులోని డౌన్‌లోడ్ లెక్కలు వాళ్లకు చూపించారు. 48 పాటల్లో ఒకటి, ఒక గుంపులో మొదటి స్థానంలో నిలిస్తే ఇంకో గుంపులో 40వ స్థానానికి పడిపోయింది.

యాష్ గదిలో కనీసం మనుషుల ముఖాలు కనిపించేవి. స్క్రీన్ మీద కనిపించేది అంకె ఒక్కటే. నచ్చక ఊరుకున్నవాళ్లు ఆ అంకెలో ఉండరు, కాబట్టి మనకు తోడు నిలిచే ఆ ఒక్కడు ఉన్నా కనబడడు. ఇన్‌స్టాగ్రామ్ 2019లో లైకుల సంఖ్య దాచి చూసింది. 2021లో దాచుకునే వీలు అందరికీ ఇచ్చింది, కానీ ఎవరికి వారు సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకుంటేనే. ఇది తలకిందులవ్వాలని నా పట్టుదల: అంకె మామూలుగా దాగి ఉండాలి, కావాలనుకున్నవాళ్లు నొక్కి చూసుకోవాలి.