"కొన్నాళ్ళు ఆపి చూద్దాం": అంతర్జాతీయ సహాయంపై అపోహలు - వాస్తవాలు

తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలకు చికిత్స అందించే కార్యక్రమాల్లో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. 2025 మొదటి నుంచి నాకు ఎదురవుతున్న ప్రశ్న దాదాపు ఒక్కటే. రైల్లో ఎదుటి సీటు పెద్దాయన అడిగారు, శిక్షణకు వచ్చిన కుర్రాళ్ళు అడిగారు, నిధులు మంజూరు చేసే ఒక అధికారి సమావేశంలోనే అడిగారు. "ఎన్నాళ్ళని ఇస్తారండీ? కొన్నాళ్ళు ఆపి చూస్తే ఏది పనికొచ్చేదో, ఏది దండగో తేలిపోతుంది కదా. పనికొచ్చేదాన్ని మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు."

అడిగినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. వినడానికి మాట సబబుగానే ఉంటుంది. కానీ ఈ రంగంలో ప్రాణాల మీదకు తెచ్చే అపోహ ఇదే. మిగతావాటి గురించి కూడా చెబుతాను గానీ, ముందు దీని సంగతి.

అపోహ: ఆపి చూద్దాం, కావాలంటే మళ్ళీ మొదలుపెడదాం

మా కేంద్రంలో పని ఎలా నడుస్తుందో చెబుతాను. ఆరు నెలలు నిండి ఐదేళ్ళలోపున్న పిల్లల జబ్బకు రంగుల టేపు చుట్టి కొలుస్తాం. 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే ఎరుపు. 12.5 వరకు పసుపు. అది దాటితే ఆకుపచ్చ. ఎరుపులో ఉన్న పిల్లకు వారానికి సరిపడా ప్యాకెట్లు ఇచ్చి పంపుతాం. వేరుశనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు, ఖనిజాలు కలిపిన 92 గ్రాముల ప్యాకెట్ అది. ఒక్కోదానిలో 500 కిలోకేలరీలు ఉంటాయి. నీళ్ళు కలపక్కర్లేదు, వండక్కర్లేదు, మూల చింపి నోటికిస్తే చాలు. ఎరుపు నుంచి ఆకుపచ్చకు దూరం ఒక్క సెంటీమీటరు. అది వారం వారం మిల్లీమీటర్లలో పెరుగుతుంది.

చాలా ఏళ్ళ క్రితం ఒక దేశంలో మా కార్యక్రమానికి నిధులిచ్చే సంస్థ ఒప్పందం పొడిగించడంలో ఆలస్యం చేసింది. రద్దు చేయలేదు, సంతకం ఆలస్యమైంది, అంతే. పది వారాలు పట్టింది. అప్పుడు మా దగ్గర ఒక ఏడాదిన్నర పాప ఉండేది. వచ్చినప్పుడు జబ్బ 10.9. నాలుగు వారాలకు 11.3 అయింది. ఐదో వారం ప్యాకెట్లు అయిపోయాయి. వచ్చే వారం రమ్మన్నాం. ఆ వారమూ రాలేదు సరుకు. ఆ తల్లి రెండు గంటలు నడిచి వచ్చేది. రెండోసారి ఖాళీ చేతులతో వెళ్ళేటప్పుడు ఆగి అడిగింది: "వచ్చే వారం ఉంటాయా? నిజం చెప్పండి." ఉంటాయన్నాను. నాకు పైనుంచి అలాగే చెప్పారు. లేవు.

పది వారాలకు డబ్బు వచ్చింది, ప్యాకెట్లూ వచ్చాయి. తల్లులు రాలేదు. రిజిస్టర్‌లో పేరు ఎదురుగా అడ్డగీత ఉంటే ఆ వారం పిల్ల రాలేదని అర్థం. పేజీలకు పేజీలు అడ్డగీతలే. ఇల్లిల్లూ తిరిగి పిలుచుకురావలసిన ఆరోగ్య కార్యకర్తల్లో ఇద్దరు జీతం లేక వేరే పనుల్లో చేరిపోయారు. ఏ పిల్ల ఏ ఇంట్లో ఉందో వాళ్ళకే తెలుసు. కొత్తవాళ్ళకు శిక్షణ ఇచ్చి నిలబెట్టేసరికి ఆ ఏడాది ఆకలి నెలలు గడిచిపోయాయి. ఆ పాప మళ్ళీ రాలేదు. ఆ కుటుంబం ఎటు వెళ్ళిందో మాకు తెలియలేదు.

ఇది ఒక్క సంతకం ఆలస్యం వల్ల జరిగింది. 2025 జనవరి 20న అమెరికా తన విదేశీ సహాయాన్ని 90 రోజులు ఆపి సమీక్షిస్తామంది. మార్చికల్లా ఆ సహాయాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ యూఎస్ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దు చేసినట్టు ఆ దేశ విదేశాంగ మంత్రి ప్రకటించారు. 1961లో పుట్టిన ఆ సంస్థ 2025 జులై 1 నుంచి సహాయ కార్యక్రమాలు నడపడం మానేసింది. "తొంభై రోజులే కదా" అని అప్పట్లో నాతో అన్నవాళ్ళున్నారు. క్షయకు మామూలుగా ఆరు నెలలు మందు వాడాలి. మధ్యలో తెగితే మందుకు లొంగని క్షయగా మారే ప్రమాదం ఉంది. హెచ్‌ఐవీ మందులు ఆపితే అణిగి ఉన్న వైరస్ చాలామందిలో కొద్ది వారాల్లోనే మళ్ళీ లేస్తుంది. తట్టు వ్యాపించకుండా ఉండాలంటే వందలో 95 మంది పిల్లలకు టీకా పడాలి. ఆ కవచంలో చిల్లు పడ్డాక టీకాలు మళ్ళీ వచ్చినా, ఈలోపు సోకిన పిల్లల విషయంలో చేయగలిగింది తక్కువ.

మందులు, ఆహారం కొట్లోంచి తీసి ఇచ్చేవి కావు. ఫ్యాక్టరీకి నెలల ముందు ఆర్డరు, ఆపైన ఓడ, కస్టమ్స్, లారీ, గోదాము. మా భాషలో దీన్ని పైప్‌లైన్ అంటాం. ఇవాళ డబ్బు ఆగితే రేపే ఏమీ కనిపించదు, మూడు నాలుగు నెలల తర్వాత పైప్‌లైన్ తెగుతుంది. అందుకే ఆపినవాళ్ళకు మొదటి నెలలో "చూశారా, ఏమీ కాలేదు" అనిపిస్తుంది.

ఇక "ఆపి చూడటం" సంగతి. దేనితో చూస్తారు? ఏ దేశంలో ఎంతమంది పిల్లలు గిడసబారారు, ఎంతమంది తల్లులు కాన్పులో చనిపోతున్నారు అన్న లెక్కల్లో చాలా భాగం 1984లో మొదలై 90కి పైగా దేశాల్లో జరిగిన డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వేల నుంచి వచ్చేది. ఆ సర్వేలకు ప్రధానంగా యూఎస్ఎయిడే డబ్బు పెట్టేది. 2025 మొదట్లో అదీ ఆగింది. మధ్యలో ఉన్న కొన్నిటిని పూర్తి చేయడానికి తర్వాత వేరే నిధులు దొరికాయి. ఇథియోపియా కరువు తర్వాత 1985లో మొదలైన ఫ్యూస్ నెట్ అనే కరువు ముందస్తు హెచ్చరిక వ్యవస్థ కూడా కొన్ని నెలలు మూతపడింది. పని ఆపడంతోపాటు కొలిచే టేపును కూడా లాగేసుకుంటే, ఏది పనికొచ్చిందో ఎప్పటికీ తేలదు.

అపోహ: ధనిక దేశాలు తమ ఖజానా సగం దోచిపెడుతున్నాయి

జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలని ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 1970లో తీర్మానించింది. 2024లో దాతల సగటు 0.33 శాతం. 0.7 అందుకున్నవి నార్వే, స్వీడన్, డెన్మార్క్, లక్సెంబర్గ్ మాత్రమే. అమెరికా విదేశీ సహాయం ఆ దేశ కేంద్ర బడ్జెట్‌లో దాదాపు ఒక శాతం ఉండేది. అక్కడి జనాన్ని సర్వేల్లో అడిగితే పాతిక శాతం అని చెబుతుంటారు.

అపోహ: అంతా మధ్యలోనే తినేస్తారు

దొంగతనం లేదనను. గోదాములో లెక్క తేలని పెట్టెలు నేనే చూశాను, ఫిర్యాదు చేశాను, ఆ మనిషి ఉద్యోగం పోయింది. కానీ అసలు గమనించాల్సింది వేరే ఉంది. దాత దేశం తన గడ్డ మీద శరణార్థులకు మొదటి ఏడాది పెట్టే ఖర్చును కూడా విదేశీ సహాయం కింద రాసుకోవచ్చు. 2024లో ఆ పద్దు మొత్తం సహాయంలో 13 శాతం. అది నిబంధనల ప్రకారమే జరుగుతుంది, కాబట్టి దాన్నెవరూ తిన్నారనరు.

నగదు ఇస్తే తాగేస్తారన్న మాటకు నాకు ఓపిక లేదు. 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 19 అధ్యయనాలను పరిశీలించి, నగదు సాయం వల్ల తాగుడు, పొగాకు ఖర్చు పెరుగుతుందన్నది నిజం కాదని తేల్చారు.

అపోహ: సహాయం సోమరుల్ని చేస్తుంది, ఆపితేనే సొంత కాళ్ళ మీద నిలబడతారు

సొంత కాళ్ళ మీద నిలబడాలన్నది మా అందరి కోరిక కూడా. కొరియా యుద్ధం తర్వాత సహాయంతో బతికిన దక్షిణ కొరియా 2010లో దాత దేశాల కమిటీలో సభ్యురాలైంది. ఇండోనేషియా ఒకప్పుడు గవి (పేద దేశాలకు టీకాలు అందించే అంతర్జాతీయ కూటమి) నుంచి టీకాల సాయం తీసుకుంది, ఇప్పుడు గవికే విరాళం ఇస్తోంది. గవి పద్ధతి నాకు నచ్చుతుంది. దేశం ఆదాయం పెరిగేకొద్దీ టీకాల ఖర్చులో దాని వాటా మెల్లగా పెరుగుతుంది, గవి వాటా తగ్గుతుంది. ఎప్పుడు ఎంత కట్టాలో ఆర్థిక శాఖకు ముందే తెలుస్తుంది. సహాయం నుంచి బయటపడటం అంటే అది. శుక్రవారం సాయంత్రం ఈమెయిల్ పంపి సోమవారం కేంద్రానికి తాళం వేయడం కాదు.

పైగా డబ్బు ఎటు పారుతోందో కూడా చూడాలి. వర్ధమాన దేశాలు 2023లో విదేశీ అప్పుల అసలు, వడ్డీల కింద 1.4 లక్షల కోట్ల డాలర్లు కట్టాయి. అదే ఏడాది దాత దేశాలు ఇచ్చిన అధికారిక సహాయం దాదాపు 22,300 కోట్ల డాలర్లు. అప్పులోళ్ళకు కట్టాక మిగిలినదానిలోంచే నర్సు జీతం రావాలి.

అపోహ: పెద్ద దేశాలు కొట్టుకుంటున్నాయి కాబట్టి సహకారం ముగిసింది

మశూచిని నిర్మూలిద్దామని 1958లో ప్రపంచ ఆరోగ్య సభలో ప్రతిపాదించింది సోవియట్ యూనియన్. 1967లో ఉద్యమాన్ని ముమ్మరం చేసినప్పుడు నడిపించింది డి.ఎ. హెండర్సన్ అనే అమెరికన్. ప్రచ్ఛన్న యుద్ధం మధ్యలో జరిగిన పని అది. సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో కనిపించింది. 2025 మేలో మహమ్మారుల ఒప్పందాన్ని అమెరికా లేకుండానే మిగతా దేశాలు ఆమోదించాయి. కోత పడగానే నైజీరియా పార్లమెంటు ఆరోగ్య బడ్జెట్‌కు అదనంగా 20 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఇవి చాలవు, నాకూ తెలుసు. కానీ రానున్న రోజుల్లో సహకారం ఒక పెద్ద దాత చుట్టూ కాకుండా, ఇలా తలా కొంత వేసుకుని నడవాల్సి ఉంటుంది.

"మేడమ్, ఈ చదువు వృథా అయినట్టేనా?"

ఇది అపోహ కాదు, భయం. ఈ రంగంలో చదివి ఉద్యోగం పోగొట్టుకున్న పిల్లలు రాత్రిళ్ళు ఫోన్ చేస్తున్నారు. టెన్షన్ పడొద్దని చెప్పలేను, ఇల్లు గడవాలి. ఉద్యోగాలు తగ్గిన మాట నిజం. నేను చెప్పేది ఒక్కటే: ప్రభుత్వ బడ్జెట్ చదవడం, మందుల కొనుగోలు, సరఫరా, లెక్కల విశ్లేషణ నేర్చుకోండి. దాత వెళ్ళిపోయిన ప్రతి చోటా ఆరోగ్య శాఖకు ముందుగా కావలసింది ఆ మనుషులే.

మూసివేసే బాధ్యత మీ మీద పడితే మాత్రం నా మాట వినండి. తేదీ తల్లులకు ముందే చెప్పండి, తెలియకపోతే తెలియదనే చెప్పండి. కొత్త పిల్లల్ని చేర్చుకోవడం ఆపేముందు దగ్గర్లో వాళ్ళని ఎవరు చూస్తారో కనుక్కోండి. చేరిన పిల్లల చికిత్స పూర్తయ్యేదాకా సరిపడే ప్యాకెట్లు పక్కన పెట్టండి. కార్యకర్తల చివరి జీతం ఎగ్గొట్టకండి. రిజిస్టర్లను పెట్టెల్లో పెట్టి గోదాముకు పంపకండి. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో ఎవరి చేతికి ఇచ్చారో రాసుకుని, సంతకం తీసుకుని, అడ్డగీతలున్న పేర్లను వాళ్ళ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదివి చెప్పి రండి.