మందస కొండల్లో రాత్రి బస: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో మహేంద్రగిరి కొండ వాలులో, మందస నుంచి పైకెళ్లే దారిలో సవర ఆదివాసుల ఊరొకటుంది. అక్కడ ఐదిళ్లవాళ్లు తమ ఇళ్లలోనే అతిథులకు చోటిస్తారు. తిండి, దారి చూపడం, లెక్కలు అన్నీ ఊరి కమిటీవే. కింద మందసలో ఉండి ఫోన్లు ఎత్తేది, పలాస స్టేషన్లో దిగినవాళ్లకి ఆటో మాట్లాడి పంపేది నేను. ఆరేళ్లుగా ఇదే పని. ఊరి పేరు రాయొద్దని పెద్దలన్నారు. ఐదిళ్లు పట్టేవాళ్లకి మించి వస్తే నీళ్లు చాలవు. అందుకే రాయడం లేదు. ఫోన్లో నాకు రోజూ వినిపించే మాటల్లో కొన్నిటికి ఇక్కడ జవాబు చెబుతాను.

అపోహ: డబ్బులు కమిటీకి ఎందుకు? ఇంటివాళ్ల చేతిలో పెట్టేస్తేనే వాళ్లకి మేలు.

ఇలా అనేవాళ్లది మంచి మనసే. అయినా దీనివల్ల జరిగినంత చెరుపు మరి దేనివల్లా జరగలేదు. మొదటి ఏడాది మాకు వంతులు లేవు. ఎవరికి ఏ ఇల్లు నచ్చితే ఆ ఇంట్లో దిగేవారు. దారి పక్కనున్న ఇల్లు, కొత్త రేకులు వేసిన ఇల్లు, ఈ రెండిటికే అందరూ వెళ్లేవారు. ఏడాది తిరిగేసరికి ఊరు రెండు ముక్కలైంది. ఇల్లు కప్పుకోవడానికి, పోడు నరకడానికి ఒకరికొకరు సాయం పోయే మనుషులు పలకరించుకోవడం మానేశారు. ఆ ఏడు కంది కొత్తల పండగ కూడా విడివిడిగా చేసుకున్నారు. అది చూసి నాకు నిద్ర పట్టలేదు. మనం తెచ్చిన డబ్బే కదా ఇంతపని చేసిందని.

అప్పుడు పెద్దలు మూడు రాత్రులు కూర్చుని వంతు పెట్టారు. వచ్చిన అతిథి వంతులో ఉన్న ఇంటికే వెళ్తాడు. వెయ్యి రూపాయలొస్తే 600 ఆ ఇంటికి, 200 దారి చూపించే కుర్రాడికి, 200 ఊరి సొమ్ములోకి. అతిథుల్ని పెట్టుకోని ఇళ్లకి కూడా ఆ 200లో హక్కుంది. గెడ్డ (కొండవాగు) నుంచి నీళ్లొచ్చే గొట్టం పగిలితే దాంతోనే బాగుచేస్తారు. ఒకసారి నెలలు నిండిన అమ్మాయిని డోలీలో కిందకి దించి, అక్కణ్ణించి పలాస ఆసుపత్రికి బండి కట్టించింది కూడా ఆ సొమ్మే.

ఒక కుటుంబం వెళ్తూ వెళ్తూ ఇంటి ముసలమ్మ చేతిలో 2000 పెట్టింది. సాయంత్రానికి ఆవిడ ఆ నోట్లు పట్టుకుని కమిటీ దగ్గరకొచ్చేసింది. "నానొక్కదాన్నే ఉంచీసుకుంటే రేపు నీల్లకాడ నన్నెవులు పలకరిస్తారు బాబూ?" అంది. పోయినసారి దిగిన ఇల్లే మళ్లీ కావాలని అడిగేవాళ్లకి నేను ఈ మాటే చెబుతుంటాను. ఆ ఇంటికెళ్లి కూర్చోండి, కబుర్లు చెప్పండి, ఎవరూ కాదనరు. పడక మాత్రం వంతు ఇంట్లోనే.

అపోహ: పల్లెటూరే కదా, ఎప్పుడెళ్లినా ఎవరో ఒకరుంటారు.

ఉండరు. మార్చి నుంచి మే దాకా జీడి పిక్కలు ఏరే రోజులు. తెల్లారకముందే పిల్లా పెద్దా తోటలకెక్కేస్తారు. ఊళ్లో నడవలేని ముసలివాళ్లే మిగులుతారు. ఆ నెలల్లో కమిటీ అతిథుల్ని తీసుకోదు. పండగలప్పుడు, ఎవరైనా పోయినప్పుడు కూడా అంతే. రానివ్వం అని ఊరు అనగలిగినన్నాళ్లే ఇది ఊరి పని. అందుకే ఎంత పెద్దవాళ్లు ఫోన్ చేసినా ఈ మాట మీద నేను బతిమాలను. వానలు తగ్గాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రండి. చలి ఉంటుంది, దుప్పటి తెచ్చుకోండి.

అపోహ: థింసా ఆడతారు, బొంగు చికెన్ పెడతారు.

అవి అరకు వైపువి. థింసా అక్కడి ఆదివాసులు తమ పండగలకి ఆడుకునే ఆట. సవరల ఆటపాటలు వేరు, వాళ్ల వాయిద్యాలు వేరు. డబ్బిచ్చి రాత్రికి ఆడించండని అడిగితే మా ఊళ్లో ఆడరు. మీరున్నప్పుడు పండగ పడితే చూస్తారు. తిండి అంటారా, చోడి (రాగి) అంబలి, సామ బువ్వ, కందిపప్పు, ఆ రోజు కొండ మీద దొరికిన ఆకుకూర. అడ్డాకు విస్తరిలో వడ్డిస్తారు. ఒక్క జాగ్రత్త: కొత్త పంటని ముందు దేవతకి పెట్టి, కొత్తల పండగ చేసుకున్నాకే నోట పెట్టుకుంటారు. అంతకుముందే చేలో కందికాయలు తెంపి ఒలుచుకు తినేయకండి.

అపోహ: వాళ్లది లిపిలేని యాస. తెలుగుకే ఒక రకం.

ఇది విన్నప్పుడు శ్రీకాకుళం వాణ్ణిగా నాకు మరీ కష్టంగా ఉంటుంది. సవర అసలు తెలుగు కుటుంబానికి చెందిన భాషే కాదు, ముండా అనే వేరే కుటుంబానిది. 1936లో మంగేయి గొమాంగో దానికి సొరంగ్ సొంపెంగ్ అనే లిపి కూడా తయారుచేశారు. మన ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు, వ్యవహారిక భాష కోసం పోరాడినాయనే, ఈ భాషను పట్టుబట్టి నేర్చుకున్నారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ రోజున సవర గురించి ఒక్క ముక్కైనా చెప్పే బడి ఎక్కడైనా ఉంటే వెళ్లి దండం పెట్టాలనుంది. ఊరికెళ్తే నీళ్లకి, అన్నానికి ఏమంటారో ఇంట్లోవాళ్లని అడగండి, నేర్పుతారు.

ఇళ్లలో ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేసిన తెల్లటి బొమ్మలుంటాయి. మనుషులు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు. అవి ముస్తాబు కోసం వేసినవి కావు, పూజకి వేసినవి. ఇంటివాళ్లు సరేనంటేనే ఫొటో తీయండి. చెయ్యి మాత్రం వేయకండి.

అపోహ: పిల్లలకి చాక్లెట్లు, పాత బట్టలు పట్టుకెళ్తే సంతోషిస్తారు.

వద్దు. బండి చప్పుడు వింటే చెయ్యి చాచడం పిల్లలకి అలా అలవాటైంది. మాన్పించడానికి రెండేళ్లు పట్టింది. ఇవ్వాలనిపిస్తే బడి మాస్టారిని అడిగి పలకలు, పుస్తకాలు ఇవ్వండి.

అపోహ: ఊరు నచ్చింది, కాస్త స్థలం కొనుక్కుని కాటేజీ కట్టుకుంటే పోలా?

గిరిజనుల కోసం ప్రభుత్వం ప్రకటించిన షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి బదిలీ చెల్లదు. 1959 నాటి నిబంధనను 1970లో సవరించి గట్టిపరిచిన 1/70 చట్టం అదే చెబుతుంది. అయితే మన జిల్లాలో షెడ్యూలులో చేరని గిరిజన గూడేలు చాలా ఉన్నాయి. వాటికి ఆ రక్షణ లేదు. కాగితం మీద అడ్డు లేదు కాబట్టి కొనుక్కోవచ్చని అక్కడికే వస్తారు. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. గూడెంలో ఒక్క జీడితోట చేతులు మారితే దాని వెనక మరో నాలుగు ఎలా పోతాయో నేను కళ్లారా చూశాను.

అపోహ: అడవిలో భయమంతా పాములదే.

పాములున్నాయి. చీకట్లో టార్చి లేకుండా కదలకండి. మా వైపు అసలు భయం ఎలుగుబంటి. జీడిమామిడి, పనస పళ్ల కోసం కింద ఉద్దానం ప్రాంతపు తోటల దాకా దిగుతుంది. తెల్లవారుజామున, మునిమాపు వేళ దారి చూపే కుర్రాడు తోడు లేకుండా ఊరు దాటొద్దు. పైన వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా గెడ్డ ఒక్కసారిగా పొంగుతుంది. దాటొద్దని కుర్రాడంటే మారుమాట్లాడకుండా ఆగండి, మీ రైలు తప్పిపోయినా సరే. ఇంకోటి దోమలు. మన్యంలో మలేరియా ఉంది. ఇంట్లో దోమతెర కట్టే ఉంటుంది, ఉక్కగా ఉందని పైకి ఎత్తేయకండి. ఇంటికెళ్లాక కొన్ని వారాల్లో చలీ జ్వరం వస్తే మాత్ర వేసుకుని పడుకోవద్దు. ఆ రోజే రక్త పరీక్ష చేయించుకుని, మందస కొండల్లో పడుకున్నామని డాక్టరుగారికి చెప్పండి.