గుర్రపు తన్నుల పట్టిక నుంచి పాయిజాన్ రిగ్రెషన్ దాకా

ప్రష్యా సైన్యంలో గుర్రం తన్ని చనిపోయినవాళ్లు ఎంతమంది? గణాంకవేత్త లాడిస్లావుస్ బోర్ట్‌కీవిచ్ 1875 నుంచి 1894 వరకు దళాలవారీగా, ఏడాదివారీగా పట్టిక వేసి 1898లో ప్రచురించాడు. అందులో 14 దళాలు. నిర్మాణం వేరుగా ఉన్న నాలుగింటిని తీసేస్తే 10 దళాలు, 20 ఏళ్లు, వెరసి 200 గళ్లు. 109 గళ్లలో సున్నా. 65 గళ్లలో ఒక్కో మరణం, 22 గళ్లలో రెండేసి, 3 గళ్లలో మూడేసి, ఒకే ఒక్క గడిలో నాలుగు. మొత్తం 122 మంది.

122ని 200తో భాగిస్తే సగటు 0.61. ఫ్రెంచ్ గణితవేత్త పాయిజాన్ 1837లో ఇచ్చిన సూత్రంలో ఈ ఒక్క అంకె వేస్తే చాలు, సున్నాలు 108.7, ఒకట్లు 66.3, రెండ్లు 20.2 రావాలని చెబుతుంది. పైనున్న అంకెలతో పోల్చి చూడండి. ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యం తగ్గదు. ఏ సైనికుడికి ఎప్పుడు తన్ను తగులుతుందో ఎవరూ చెప్పలేరు, కానీ 200 గళ్లు కలిపితే లెక్క ఇంత దగ్గరగా వస్తుంది.

సరే, ఆ తీసేసిన నాలుగు దళాల సంగతేమిటి? వాటిలో గుర్రాలు ఎక్కువో తక్కువో ఉంటే సగటు మారుతుంది కాబట్టి ఒకే సూత్రంలో ఇమడవు. సగటు ఒక్కో గడికి ఒక్కోలా ఉండనిచ్చి, ఎందుకు మారుతోందో కూడా లెక్కలోకి తెచ్చేదే పాయిజాన్ రిగ్రెషన్. 1972లో గణాంకవేత్తలు నెల్డర్, వెడర్‌బర్న్ ఇలాంటి మోడల్స్ అన్నిటినీ ఒకే చట్రంలోకి తెచ్చారు.

మామూలు సరళరేఖ ఎందుకు పనికిరాదు? ఒక కూడలిలో జరిగే ప్రమాదాల సంఖ్యకు సరళరేఖ గీస్తే, ఎక్కడో ఒకచోట అది సున్నా కిందికి దిగి 'మైనస్ రెండు ప్రమాదాలు' అంటుంది. పైగా సగటు పెరిగేకొద్దీ అంకెల చెదురు కూడా పెరుగుతుంది, సరళరేఖ మాత్రం చెదురు అంతటా ఒకటే అనుకుంటుంది. అందుకే ఇక్కడ సగటుకు బదులు సగటు లాగ్‌కి (సంవర్గమానానికి) రేఖ గీస్తాం. ఫలితాన్ని మళ్లీ మామూలు అంకెలోకి మారిస్తే అది ఎప్పుడూ సున్నా కన్నా ఎక్కువే. ప్రభావాలు కూడికలుగా కాక రెట్లుగా వస్తాయి. వాన పడిన రోజుకు గుణకం, అంటే లాగ్‌లో వచ్చే పెరుగుదల, 0.18 అని వచ్చిందనుకుందాం. లాగ్ నుంచి మామూలు అంకెలోకి మారిస్తే దాని అర్థం ప్రమాదాలు సుమారు 1.2 రెట్లు, అంటే 20 శాతం ఎక్కువ.

రోజుకు 40,000 బండ్లు వెళ్లే కూడలిలో 12 ప్రమాదాలు, 10,000 వెళ్లే చోట 6 జరిగాయనుకోండి. సంఖ్య చూస్తే మొదటిది ప్రమాదకరం, కానీ బండికి లెక్కేస్తే రెండోదే రెట్టింపు ప్రమాదకరం. బండ్ల సంఖ్య లాగ్‌ని 'ఆఫ్‌సెట్'గా, గుణకం 1 దగ్గర కదలకుండా పెట్టి మోడల్‌లో చేరిస్తే ఈ తేడా సరిపోతుంది. ఇది మరిచిపోయి చేసిన విశ్లేషణను నేనైతే నమ్మను.

ఇక అసలు చిక్కు. పాయిజాన్ మోడల్‌లో సగటు ఎంతో విస్తృతి, అంటే చెదురు కొలత, అంతే ఉండాలి. గుర్రపు తన్నుల్లో సగటు 0.61, విస్తృతి కూడా 0.61. మన చేతికొచ్చే డేటా ఇంత బుద్ధిగా ఉండదు. ఒక ప్రమాదం ఇంకోదానికి దారి తీస్తుంది, మనం కొలవని కారణాలు ఎన్నో ఉంటాయి, విస్తృతి సగటును దాటిపోతుంది. దీన్నే ఓవర్‌డిస్పర్షన్ అంటారు. అసలు అంకెలు మోడల్ చెప్పినవాటికి ఎంత దూరంగా ఉన్నాయో కొలిచే పియర్సన్ కై-స్క్వేర్‌ను మిగిలిన స్వాతంత్ర్య పరిమితులతో (పరిశీలనల సంఖ్యలోంచి మోడల్ గుణకాల సంఖ్య తీసేస్తే మిగిలేది) భాగిస్తే సుమారు 1 రావాలి. 4 వచ్చిందంటే మోడల్ చూపిన ప్రామాణిక దోషాలు, అంటే గుణకం ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలతలు, ఉండాల్సినదానిలో సగమే. పై 0.18కి మోడల్ ఇచ్చిన దోషం 0.06 అయితే గుణకం దానికి మూడు రెట్లు, గట్టి ఫలితమే అనిపిస్తుంది. సరిచేస్తే దోషం 0.12, గుణకం ఒకటిన్నర రెట్లే. వాన వల్ల ప్రమాదాలు పెరిగాయని ఇక ధైర్యంగా రాయలేం. ఈ అదనపు చెదురును లెక్కలోకి తీసుకునే క్వాజీ-పాయిజాన్ మోడల్‌తోనో నెగటివ్ బైనామియల్ మోడల్‌తోనో మళ్లీ లెక్క చేయాల్సిందే.